జెండా మారినా వీడని చెర

మన పిల్లల చరిత్ర పాఠాల్లో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ గురించి ఉండేది ఒకటి రెండు వాక్యాలే. గాంధీజీ పక్కన నిలబడిన ఆరడుగులు దాటిన పఠాన్, సరిహద్దు గాంధీ అన్న పేరు, ఎర్రచొక్కాల దళం. ఆ కథ 1947 దగ్గర ఆగిపోతుంది. ఆ తరువాత ఆయన ఏమయ్యారని పిల్లలు అడుగుతుంటారు. మళ్లీ జైలుకు వెళ్లారని చెబితే వెంటనే నమ్మరు. తెల్లవాళ్లు వెళ్లిపోయారు కదా, ఇంకెవరు పెట్టారు జైల్లో అంటారు. సరైన ప్రశ్నే. స్వాతంత్ర్యం తరువాత ఆయన నలభై ఏళ్లకు పైగా జీవించారు. ఆ నలభై ఏళ్ల కథ ముస్లిం కుటుంబాల్లో కూడా తెలిసినవారు తక్కువ. అందుకే ఈ వారం ఆ మహనీయుని జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాం.

ఆయన 1890లో పెషావర్ జిల్లా చార్‌సద్దా తాలూకాలోని ఉత్మాన్‌జయీ గ్రామంలో జన్మించారు. తండ్రి బెహ్రామ్ ఖాన్ భూస్వామి, నిష్ఠగల ముస్లిం. మసీదులో ఖుర్ఆన్ పఠనం పూర్తయ్యాక పెషావర్‌లోని మిషన్ స్కూలులో చేరారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు బడికి వెళ్లేవారిని ఊరి ముల్లాలు తప్పుపట్టేవారు. మదర్సాలో చదివి పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి ఈ మాట రాయడం కొంచెం ఇబ్బందే. కాని జరిగినదాన్ని జరిగినట్లే చెప్పాలి. బ్రిటిష్ సైన్యంలో అధికారి ఉద్యోగం చేతికి అందినా ఆయన వద్దనుకున్నారు. తనకు తెలిసిన ఒక పఠాన్ అధికారిని ఒక తెల్ల అధికారి నలుగురి ముందు అవమానించడం ఆయన కళ్లారా చూశారు. కొంతకాలం అలీగఢ్‌లో చదివారు. ఇంగ్లండు పంపాలని తండ్రి అనుకుంటే తల్లి ఒప్పుకోలేదు. ఆమె మాట కాదనలేక ఊళ్లోనే ఉండిపోయారు.

1910లో తురంగ్‌జయీ హాజీ సాహెబ్ అండతో ఉత్మాన్‌జయీలో బడి తెరిచారు. దేవ్‌బంద్‌కు వెళ్లి షేఖుల్ హింద్ మౌలానా మహమూదుల్ హసన్ సాహెబ్‌ను, మౌలానా ఉబైదుల్లా సింధీని కలుసుకున్నారు. పఠాన్లకు శత్రువు ఒక్క బ్రిటిష్‌వాడే కాదనీ, అజ్ఞానం, తరతరాల పగలు అంతకంటే పెద్ద శత్రువులనీ ఆయన నమ్మకం. ఒక హత్యకు మరో హత్య, దానికి ఇంకొకటి, ఇలా వంశాలకు వంశాలు అంతరించిపోతున్న కాలం అది.

1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా సభ జరిపినందుకు మొదటిసారి అరెస్టయ్యారు. ఆయన కాళ్లకు సరిపడే సంకెళ్లు జైల్లో లేకపోతే చిన్నవాటినే బలవంతంగా బిగించారు, చీలమండల దగ్గర చర్మం చీలిపోయింది. 1921లో ఆజాద్ స్కూలు పెట్టారు. ఆ బడి మూయించమని ప్రభుత్వ పెద్దలు తండ్రిమీద ఒత్తిడి తెచ్చారు. తండ్రి వచ్చి నచ్చజెప్పబోతే, నమాజు మానేయమని అధికారి చెబితే మానేస్తామా, విద్య నేర్పడం కూడా అలాంటి విధే కదా అని కుమారుడు అడిగారు. ఆ వృద్ధుడు ఇంకేమీ అనలేదు. ఏడాది చివర్లో అరెస్టు, మూడేళ్ల కఠిన శిక్ష.

1926లో హజ్ యాత్ర చేసుకున్నారు. ఆ ప్రయాణంలోనే జెరూసలేంలో మెట్లమీది నుంచి జారిపడి భార్య మరణించింది. ఆ తరువాత ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1928లో పుష్తూలో పఖ్తూన్ పత్రిక ప్రారంభించారు. 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ సంస్థ పుట్టింది. ఖుదాయీ ఖిద్మత్‌గార్ అంటే దైవసేవకుడు. అల్లాహ్‌కు మన సేవ అక్కరలేదు, ఆయన సృష్టికి చేసే సేవే ఆయనకు చేసిన సేవ అన్నది ఆ పేరు వెనుక ఉన్న భావం. చేరేవారు ప్రమాణం చేయాలి: హింసకు దిగను, పగ తీర్చుకోను, కక్షలు పెంచుకోను, రోజుకు కనీసం రెండు గంటలు సంఘసేవ చేస్తాను. తెల్లబట్టలు తొందరగా మాసిపోతున్నాయని ఇటుకరంగు అద్దుకున్నారు. ఎర్రచొక్కాలకు అంతకు మించిన రహస్యం లేదు. కాని ప్రభుత్వం మాత్రం రష్యా కమ్యూనిస్టుల ఏజెంట్లని ప్రచారం చేసింది.

తుపాకీ లేనిదే గడప దాటని పఠాన్ చేత తుపాకీ కింద పెట్టించడం ఎలా సాధ్యమైందని చాలామంది ఆశ్చర్యపోయారు. ఆయన మాత్రం ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదనేవారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కాలో పదమూడేళ్లు రాళ్లు, తిట్లు, వెలివేత అన్నీ భరించారే తప్ప చెయ్యెత్తలేదు, ఆ సబ్ర్‌ను మనం మరచిపోతే గాంధీజీ గుర్తుచేశారు అని ఊరూరా చెప్పేవారు.

1930 ఏప్రిల్ 23న ఆయన అరెస్టయిన రోజున పెషావర్ ఖిస్సాఖ్వానీ బజారులో గుమికూడిన నిరాయుధులమీద సైన్యం కాల్పులు జరిపింది. అప్పుడు చంద్రసింగ్ అనే హవల్దారు నాయకత్వంలో గఢ్వాలీ హిందూ సైనికులు కొందరు ముస్లిం జనంమీద తుపాకీ పేల్చబోమని నిరాకరించి, సైనిక న్యాయస్థానంలో కఠిన శిక్షలు అనుభవించారు. ఈ ఒక్క సంఘటన ప్రతి ఇంట్లో పిల్లలకు చెప్పదగినది. ఆ తరువాత పదిహేనేళ్లలో ఆయన పలుమార్లు జైలుకు వెళ్లారు. ఆయన అన్న డాక్టర్ ఖాన్ సాహెబ్ 1937లోను, మళ్లీ 1945లోను సరిహద్దు రాష్ట్రంలో ప్రభుత్వం ఏర్పాటు చేశారు.

ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది.

దేశవిభజన ఆయనకు సమ్మతం కాదు. 1947 జూన్‌లో కాంగ్రెస్ పెద్దలు విభజనకు ఒప్పుకున్నప్పుడు, తమను నడిసముద్రంలో వదిలేశారని ఆయన కుమిలిపోయారు. భారతదేశమా, పాకిస్తానా అని సరిహద్దు రాష్ట్రంలో ఆ జులైలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. మూడో దారికి, అంటే పఖ్తూన్ల సొంత ప్రతిపత్తికి, ఓటు వేసే వీలు లేదు కాబట్టి ఆయన అనుచరులు దాన్ని బహిష్కరించారు. మొత్తం ఓటర్లలో సుమారు సగం మందే పాల్గొన్నారు. వేసిన ఓట్లు దాదాపు అన్నీ పాకిస్తాన్‌కే పడ్డాయి. ఆ తీర్పు న్యాయమైనదా కాదా అన్న వాదనలోకి ఇక్కడ పోనక్కరలేదు. ఎందుకంటే ఆయనే పోలేదు. సెప్టెంబరులో సర్‌దర్‌యాబ్‌లో సమావేశమైన ఖుదాయీ ఖిద్మత్‌గార్లు పాకిస్తాన్‌ను తమ దేశంగా అంగీకరిస్తూ తీర్మానం చేశారు.

అప్పటికే ఒక దెబ్బ పడింది. కొత్త దేశం పుట్టి వారం తిరిగిందో లేదో, ఆగస్టు 22న డాక్టర్ ఖాన్ సాహెబ్ మంత్రివర్గాన్ని బర్తరఫ్ చేశారు. శాసనసభలో ఆయనకు మెజారిటీ ఉంది. ఓటింగు పెట్టి ఓడించలేదు, గవర్నరు కలంపోటుతో తొలగించారు. ఆయన స్థానంలో వచ్చిన అబ్దుల్ ఖయ్యూమ్ ఖాన్ రెండేళ్ల క్రితం వరకు కాంగ్రెస్‌వాడే. ఇల్లు మారినవాడు పాత ఇంటిమీదే ఎక్కువ రాళ్లు వేస్తాడు. తరువాతి అణచివేతంతా చాలావరకు ఆయన చేతుల మీదుగానే సాగింది.

1948 ఫిబ్రవరి 23న గఫార్ ఖాన్ కరాచీలోని రాజ్యాంగ సభలో పాకిస్తాన్ పట్ల విధేయతా ప్రమాణం చేశారు. మార్చిలో సభలో మాట్లాడుతూ తాను విభజనను వ్యతిరేకించిన మాట నిజమేనని దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. ఇప్పుడిది మా దేశం, నిర్మాణ పనిలో మీకు తోడ్పడతాం అన్నారు. అదే నోటితో, బ్రిటిష్‌వారి నాటి ఆర్డినెన్సులు, బ్రిటిష్ గవర్నర్లు ఇంకా ఎందుకున్నారని నిలదీశారు. కాయిదె ఆజమ్ జిన్నాతో భేటీ కూడా సుహృద్భావంతోనే మొదలైంది. అయితే ముస్లిం లీగులో చేరమన్న ప్రతిపాదనను ఆయన అంగీకరించలేదు. మే నెలలో సింధ్ నాయకుడు జి.ఎం. సయ్యద్ వంటివారితో కలిసి కరాచీలో ఒక ప్రతిపక్ష పార్టీని స్థాపించారు. హిందువులు, ముస్లిములు ఎవరైనా అందులో చేరవచ్చు. పాకిస్తాన్ హద్దులకు లోబడి, రాష్ట్రాలకు స్వపరిపాలన కావాలన్నది ఆ పార్టీ కోరిక.

తప్పంతా ఇదే. కత్తి పట్టలేదు, ఎవరినీ చంపలేదు. సభలో ప్రమాణం చేసి, చట్టప్రకారం పార్టీ పెట్టారు. పాలక పార్టీ తప్ప మరో పార్టీ ఉండటమే దేశద్రోహంగా చూసే రోజులు వచ్చాయి.

జూన్ 15న బన్నూ వైపు వెళుతుండగా కోహాట్ జిల్లా బహాదుర్ ఖేల్ దగ్గర ఆయన్ను అరెస్టు చేశారు. సత్ప్రవర్తనకు పూచీకత్తు ఇమ్మన్నారు. నేను చేసిన నేరమేమిటని అడిగారు, పూచీకత్తు ఇవ్వలేదు. మూడేళ్ల కఠిన శిక్ష పడింది. ఏ చట్టం కింద? సరిహద్దు నేరాల చట్టం. 1901లో బ్రిటిష్‌వారు పఠాన్లను అదుపులో పెట్టడానికి తెచ్చింది. ఇందులో సాక్ష్యం, వకీలు, అప్పీలు ఉండవు. శాంతిభంగం చేస్తాడనే అనుమానం ఉంటే చాలు, పూచీకత్తు ఇవ్వనివాడిని మూడేళ్లు లోపల వేయవచ్చు. పూర్వం తెల్లదొరలు ఆయనమీదా ఆయన అనుచరులమీదా వాడిన ఆయుధమే ఇది. దొర వెళ్లాడు, కొరడా గోడకు తగిలించి వెళ్లాడు. మూడేళ్లూ పూర్తయ్యాక దానికంటే ముసలి చట్టాన్ని దుమ్ముదులిపి తీశారు. 1818 నాటి ఈస్టిండియా కంపెనీ రెగ్యులేషన్ అది. విచారణ అనేదే లేకుండా రాజకీయ ఖైదీని ఎంతకాలమైనా ఉంచవచ్చు. అలా 1954 జనవరి వరకు ఉంచారు. అన్న డాక్టర్ ఖాన్ సాహెబ్‌ను, కుమారులు గనీఖాన్, వలీఖాన్‌లను కూడా నిర్బంధించారు. సరిహద్దు నేరాల చట్టం గిరిజన ప్రాంతాల్లో 2018 దాకా బతికే ఉంది.

ఆయన అరెస్టయిన రెండు నెలలకు, 1948 ఆగస్టు 12న, చార్‌సద్దా దగ్గరి బాబ్రాలో ఖుదాయీ ఖిద్మత్‌గార్లు నిరసనగా గుమికూడారు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది పదిహేను మంది వరకేనని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆరు వందలకు పైగా అని ఉద్యమకారులు అన్నారు. ఖుర్ఆన్ గ్రంథాలు తలమీద పెట్టుకుని స్త్రీలు ఇళ్లలోంచి పరుగెత్తుకొచ్చి కాల్పులు ఆపమని వేడుకున్నారనీ, పేలిన తూటాల ఖర్చు కూడా ఊళ్లవాళ్లమీదే జుల్మానాగా వేశారనీ అక్కడివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. సంఖ్య తేల్చవలసింది నిష్పాక్షికమైన విచారణ. అది జరగలేదు. సెప్టెంబరులో సంస్థను నిషేధించారు, సర్‌దర్‌యాబ్ కేంద్రాన్ని కూల్చేశారు, పత్రికను మూయించారు. ఖిస్సాఖ్వానీ కాల్పులు జరిపించింది పరాయివాడు. బాబ్రాలో తుపాకీ పట్టినవాడూ కలిమా చదివేవాడే, తూటా తగిలినవాడూ కలిమా చదివేవాడే.

ఇస్లాం పేరుతో ఏర్పడిన రాజ్యంలో ఇలా జరిగినప్పుడు ఇస్లామీ చరిత్ర ఏమంటుందో చూడటం సబబు. హజ్రత్ అలీ (రజి) ఖిలాఫత్ కాలంలో ఖారిజీలు ఆయన్ను బహిరంగంగా, అదీ మసీదులోనే, ధిక్కరించారు. అయినా వారు కత్తి ఎత్తనంతవరకు మసీదుకు రాకుండా అడ్డుకోలేదు, బైతుల్‌మాల్ నుంచి వారి వాటా ఆపలేదు, తానుగా వారితో యుద్ధం మొదలుపెట్టలేదు. ఫిఖ్‌హ్ గ్రంథాల్లో తిరుగుబాటుదారుల అధ్యాయం చదివే ప్రతి విద్యార్థికీ ఈ విషయం తెలుసు. మాటతో వ్యతిరేకించేవాడు వేరు, ఆయుధంతో తిరగబడేవాడు వేరు. కరాచీలోనూ పెషావర్‌లోనూ అధికారంలో ఉన్నవారు ఈ తేడాను పాటించలేదు.

మనం ఇక్కడ కూర్చుని పొరుగువారిని మాత్రమే వేలెత్తి చూపడం కూడా న్యాయం కాదు. మన దేశంలో 1953లో కాశ్మీర్ ప్రధాని షేఖ్ అబ్దుల్లాను పదవి నుంచి తొలగించి అరెస్టు చేశారు. మధ్యలో కొన్ని నెలలు తప్ప 1964 వరకు ఆయన నిర్బంధంలోనే ఉన్నారు. 1975 ఎమర్జెన్సీలో లక్షకు పైగా మందిని విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. జయప్రకాశ్ నారాయణ్‌నూ వదల్లేదు, జమాఅతె ఇస్లామీ హింద్‌నూ నిషేధించారు.

గఫార్ ఖాన్ విడుదలైనా వెంటనే సొంత ఊరికి వెళ్లనివ్వలేదు. 1955 జులై వరకు సరిహద్దు రాష్ట్రంలో అడుగుపెట్టడానికి అనుమతి లేదు. ఇంతలో పశ్చిమ పాకిస్తాన్ రాష్ట్రాలన్నిటినీ కలిపి ఒకే యూనిట్‌గా చేశారు. సరిహద్దు రాష్ట్రం పేరే లేకుండా పోయింది. ఈ కొత్త రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎవరనుకున్నారు? డాక్టర్ ఖాన్ సాహెబ్! ఒకప్పుడు తమ్ముడితోపాటు జైలుకు వెళ్లిన అన్న. తమ్ముడు ఊరూరా తిరిగి ఒకే యూనిట్‌ను వ్యతిరేకించారు. 1956 జూన్‌లో అన్న ప్రభుత్వంలోనే తమ్ముడు మళ్లీ అరెస్టయ్యారు. లాహోర్ హైకోర్టులో విచారణ జరిగి, 1957 జనవరిలో కోర్టు లేచేవరకు శిక్ష, 14,000 రూపాయల జరిమానా వేశారు. రాజకీయంగా ఎంత దూరమైనా ఆ అన్న మీద ఆయనకు ప్రేమ పోలేదు. 1958లో డాక్టర్ ఖాన్ సాహెబ్ లాహోర్‌లో హత్యకు గురయ్యారు. ఒకే యూనిట్ 1970లో రద్దయింది. గఫార్ ఖాన్ మొదటినుంచీ అడిగిన పఖ్తూన్ పేరు మాత్రం ఆ రాష్ట్రానికి 2010లో వచ్చింది. ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా అన్నారు.

1958లో జనరల్ అయూబ్ ఖాన్ సైనిక పాలన వచ్చింది. సైనిక పాలకుడు ప్రతిపక్షాన్ని జైల్లో పెట్టడంలో వింతలేదు. 1962లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఆయన్ను ఆ ఏటి ఖైదీగా ప్రకటించి ప్రపంచం దృష్టికి తెచ్చింది. 1964లో ఆరోగ్యం బాగా చెడిపోయి విడుదలయ్యారు. లండన్‌లో వైద్యం చేయించుకుని, స్వదేశానికి వెళ్లకుండా ఆఫ్ఘనిస్తాన్‌లో ఉండిపోయారు. అక్కడినుంచి ఆయన పఖ్తూనిస్తాన్ గురించి గట్టిగా మాట్లాడారు. ఆఫ్ఘన్ ప్రభుత్వం దాన్ని తన అవసరానికి వాడుకుంది. ప్రత్యర్థుల అనుమానాలకు అది కొంత బలం ఇచ్చిందనడంలో సందేహం లేదు. కాని 1948లో అరెస్టు చేసినప్పుడు ఇదేదీ లేదు. పదిహేనేళ్లు ద్రోహి, ద్రోహి అని తరిమితే మనిషి పరాయి గుమ్మంలో తలదాచుకున్నాడు. దాన్ని చూపించి, మేము ముందే చెప్పలేదా అన్నారు.

1969లో గాంధీజీ శతజయంతికి మన దేశం వచ్చారు. విమానాశ్రయంలో బట్టల మూట ఎవరికీ ఇవ్వకుండా తానే మోసుకుంటూ దిగారు. అప్పుడే అహ్మదాబాద్‌లో మతకల్లోలం జరిగి వందలాదిమంది, ఎక్కువమంది ముస్లిములు, బలయ్యారు. సన్మానాలు పక్కన పెట్టి మూడు రోజులు ఉపవాసం ఉన్నారు, అహ్మదాబాద్ వెళ్లి బాధితులను కలిశారు. పార్లమెంటులో మాట్లాడినప్పుడు, మీరు గాంధీజీని మరచిపోయారని సభ్యుల ముఖంమీదే చెప్పారు. అతిథి కదా అని మెత్తబరచలేదు. అక్కడి పాలకులకు చెప్పినట్లే ఇక్కడి పాలకులకూ చెప్పారు.

1972 డిసెంబరులో ఆశతో పాకిస్తాన్ తిరిగివచ్చారు. ఈసారి అధికారంలో ఉన్నది సైన్యం కాదు, ఎన్నికల్లో గెలిచిన జుల్ఫికర్ అలీ భుట్టో. సరిహద్దు రాష్ట్రంలో వలీఖాన్ పార్టీ అయిన నేషనల్ అవామీ పార్టీ, జమీఅతుల్ ఉలమాయె ఇస్లాం కలిసి ప్రభుత్వం నడుపుతున్నాయి. ముఖ్యమంత్రి మౌలానా ముఫ్తీ మహమూద్. 1973 ఫిబ్రవరిలో భుట్టో బలూచిస్తాన్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. అందుకు నిరసనగా ముఫ్తీ సాహెబ్ తానే రాజీనామా చేశారు. కుర్చీని అలా వదిలినవారు అరుదు. మార్చి 23న రావల్పిండిలో ప్రతిపక్ష సభమీద కాల్పులు జరిగాయి, చాలామంది చనిపోయారు. వలీఖాన్ శవాలను ఊళ్లకు తీసుకువెళ్లి, ఆవేశంతో ఉన్న పఠాన్లను ప్రతీకారానికి దిగకుండా శాంతపరిచారు. తండ్రి నేర్పినది ఆ రోజు అక్కరకొచ్చింది. ఇంత జరిగినా వలీఖాన్ 1973 రాజ్యాంగానికి సమ్మతి తెలిపారు. ఆ రాజ్యాంగం అమలైన ఏడాదే, నవంబరులో, ఎనభై దాటిన గఫార్ ఖాన్‌ను ముల్తాన్‌లో అరెస్టు చేశారు.

1975 ఫిబ్రవరిలో నేషనల్ అవామీ పార్టీని నిషేధించారు, అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వలీఖాన్‌నూ సహచరులనూ హైదరాబాద్ జైల్లో ప్రత్యేక ట్రిబ్యునల్ ముందు దేశద్రోహులుగా నిలబెట్టారు. మన హైదరాబాద్ కాదు, సింధ్‌లోని హైదరాబాద్. ఆ కేసు తీర్పుదాకా రానేలేదు. 1977లో సైన్యం భుట్టోను కూలదోసింది, ఆ తరువాత ట్రిబ్యునల్‌ను ఎత్తేశారు. ప్రతిపక్షాన్ని జైలుకు పంపిన భుట్టో తానే అదే జైలు వ్యవస్థకు చిక్కి 1979 ఏప్రిల్ 4న ఉరికంబం ఎక్కారు. ఆయన కేసు నడిచిన తీరు న్యాయంగా లేదని 2024లో పాకిస్తాన్ సుప్రీంకోర్టే అభిప్రాయం చెప్పింది. ప్రతిపక్షం గొంతు నొక్కినప్పుడు, న్యాయం అడగడానికి తనకూ ఒకనాడు అదే గొంతు కావలసివస్తుందని భుట్టో ఊహించి ఉండరు.

జనరల్ జియా కాలంలోనూ గఫార్ ఖాన్‌కు గృహనిర్బంధం తప్పలేదు. 1987లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న ఇచ్చింది. భారత పౌరుడు కాని వ్యక్తికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. బ్రిటిష్ కాలమూ పాకిస్తాన్ కాలమూ కలిపితే ఆయన జీవితంలో సుమారు మూడో వంతు చెరలోనే గడిచింది. తెల్లవాళ్ల జైలు కంటే సొంత మనుషుల జైలే తనకు కఠినంగా గడిచిందని ఆయన స్వీయచరిత్రలో చెప్పుకున్నారు.

1988 జనవరి 20న పెషావర్‌లోని లేడీ రీడింగ్ ఆసుపత్రిలో కన్నుమూశారు. తనను జలాలాబాద్‌లో ఖననం చేయమన్నది ఆయన కోరిక. అప్పటికి ఆఫ్ఘనిస్తాన్‌లో రష్యా సేనలున్నాయి, ముజాహిదీన్లతో యుద్ధం సాగుతోంది. ఆ జనాజా కోసం ఇరుపక్షాలూ తుపాకులు ఆపాయి. వేలాదిమంది ఖైబర్ కనుమ దాటి సరిహద్దు అవతలికి నడిచారు, వాహనాల్లో వెళ్లారు. పాస్‌పోర్టులు, వీసాలు ఆ రోజు ఎవరూ అడగలేదు. జలాలాబాద్‌లో బాంబులు పేలి జనాజాకు వచ్చినవారిలో కొందరు మరణించారు. మిగిలినవారు కదలలేదు. నమాజు పూర్తిచేసి, ఉత్మాన్‌జయీకి దూరంగా, పరాయి నేలమీద ఆ ఖుదాయీ ఖిద్మత్‌గార్‌కు మట్టి ఇచ్చి వచ్చారు.